మైనర్లకు విడుదల లేని యావజ్జీవం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం కోర్టుల్లో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తూ, 18 నిండనివారి మీద వచ్చే కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు తరచు హాజరయ్యే న్యాయవాదిగా నన్ను జనం అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. వీటిలో కొన్ని కళాశాలల్లో న్యాయ అవగాహన సదస్సులు ముగిశాక విద్యార్థులు అడిగినవి. కొన్ని, పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఎంవీపీ కాలనీ తల్లిదండ్రులు అక్కడి తీర్పుల వార్తలు చదివి అడిగినవి. మిగిలినవి బోర్డు వరండాలో ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు పట్టుకుని నిలబడిన తల్లులు అడిగినవి. ఈ చివరి రకం ప్రశ్నలకు ఎక్కువ చోటిచ్చాను.

పెరోల్ అంటే ఖైదీకి ఇచ్చే సెలవే కదా? అది లేకపోతే అంత పెద్ద నష్టమా?

మన దగ్గర పెరోల్ అంటే నిజంగానే సెలవు. అడవివరం సెంట్రల్ జైలులో ఉన్న ఖైదీ తండ్రి పోయినప్పుడో, చెల్లెలి పెళ్లికో కొన్ని రోజులు బయటికి వచ్చి, గడువు తీరగానే తిరిగి లోపలికి వెళ్తాడు. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. శిక్షాకాలం పూర్తి కాకముందే ఒక బోర్డు ఖైదీ ప్రవర్తనను, మార్పును పరిశీలించి, షరతులు పెట్టి ఇంటికి పంపించడాన్ని అక్కడ పెరోల్ అంటారు. మన వ్యవస్థలో దానికి దగ్గరగా ఉండేది శిక్ష తగ్గింపు, అంటే రెమిషన్. గణతంత్ర దినోత్సవానికో గాంధీ జయంతికో ప్రభుత్వం కొందరు ఖైదీలను విడుదల చేసిందని పత్రికల్లో వచ్చేది దీని గురించే.

కాబట్టి పెరోల్ లేని యావజ్జీవం అంటే సెలవులు లేని జైలు అని కాదు, ఆ మనిషి ఫైలును అతను చనిపోయేదాకా ఎవరూ మళ్లీ తెరవరని అర్థం. ఈ పేజీలో అయోమయం లేకుండా ఉండేందుకు దీన్ని విడుదల లేని యావజ్జీవం అనే అంటాను.

యావజ్జీవం అంటే 14 ఏళ్లే కదా?

కాదు. కోర్టు వరండాలో నేను అందరికన్నా ఎక్కువసార్లు సరిదిద్దిన అపోహ ఇదే. యావజ్జీవం అంటే బతికినంత కాలం అని సుప్రీంకోర్టు 1961లోనే, గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో తేల్చింది. మరణశిక్షకు కూడా ఆస్కారమున్న నేరంలో యావజ్జీవం పడినవాడిని కనీసం 14 ఏళ్లు జైలులో గడవనిదే రెమిషన్ మీద విడుదల చేయరాదన్న నిబంధన నుంచి ఆ సంఖ్య జనం నోట పడింది. పాత నేర ప్రక్రియా స్మృతిలో అది 433ఏ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 475వ సెక్షన్. పద్నాలుగేళ్లు నిండగానే తలుపు తెరుచుకోదు, తలుపు తట్టే హక్కు మాత్రం వస్తుంది.

కొన్ని కేసుల్లో ఆ హక్కు కూడా ఉండదు. రెమిషన్‌కు వీలులేని యావజ్జీవం వేసే అధికారం తమకు ఉందని సుప్రీంకోర్టు 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో చెప్పింది. 2015లో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దాన్ని సమర్థించింది. అంటే విడుదల లేని యావజ్జీవం మన దేశంలోనూ ఉంది. అది పెద్దవాళ్లకు.

18 నిండనివారికి ఆ శిక్ష వేయవచ్చా?

వేయకూడదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిన నాటికి 18 ఏళ్లు నిండనివారికి మరణశిక్ష గానీ, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం గానీ ఏ చట్టం కిందా విధించరాదు. పోక్సో చట్టం కింద అయినా, హత్య కేసు అయినా ఇదే నియమం.

ఇది మన చట్టసభలు ఒంటరిగా కనిపెట్టిన సూత్రం కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 37వ అధికరణం ఇదే మాట చెబుతోంది. భారత్ 1992లో ఆ ఒడంబడికలో చేరింది. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో దాన్ని ఇంతవరకు ఆమోదించనిది అమెరికా ఒక్కటే. 1995లో సంతకం పెట్టి, అక్కడితో ఆగిపోయింది.

మరి ఈ వాదనంతా అమెరికాదేనా? అక్కడ ఏం జరిగింది?

ప్రధానంగా అక్కడిదే. 1990ల్లో అమెరికాలో ఒక భయం వ్యాపించింది. పశ్చాత్తాపం అంటే ఎరుగని 'సూపర్ ప్రిడేటర్' కుర్రాళ్ల తరం ఒకటి రాబోతోందని జాన్ డియులియో అనే రాజనీతి శాస్త్రవేత్త 1995లో రాస్తే, పత్రికలు, నాయకులు ఆ మాటను అందిపుచ్చుకున్నారు. ఆ కాలంలో అనేక రాష్ట్రాలు పిల్లల్ని పెద్దల కోర్టులకు పంపడాన్ని సులభం చేశాయి. అక్కడ కొన్ని నేరాలకు విడుదల లేని యావజ్జీవం తప్పనిసరి శిక్ష కావడంతో, ముద్దాయి వయసు పద్నాలుగైనా న్యాయమూర్తికి మరో దారి లేకుండా పోయింది. జోస్యం మాత్రం ఫలించలేదు. కుర్రాళ్ల హింసాత్మక నేరాలు పెరగకపోగా తగ్గాయి. తన అంచనా తప్పిందని డియులియో తర్వాత ఒప్పుకున్నారు, కానీ శిక్షలు పడినవాళ్లు లోపలే ఉన్నారు.

2005లో రోపర్ కేసులో, 18 లోపు వయసులో చేసిన నేరానికి మరణశిక్ష వేయరాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 2010లో గ్రాహం కేసులో, హత్య కాని నేరాలకు పిల్లలకు విడుదల లేని యావజ్జీవం వేయకూడదంది. 2012లో మిల్లర్ కేసులో, హత్య కేసుల్లో సైతం ఆ శిక్షను తప్పనిసరి చేయడం రాజ్యాంగ విరుద్ధమని 5-4 మెజారిటీతో తీర్పునిచ్చింది. మిల్లర్‌తో కలిపి విన్న రెండో కేసు కుంట్రెల్ జాక్సన్‌ది. పద్నాలుగేళ్ల వయసులో ఇద్దరు స్నేహితులతో కలిసి వీడియో క్యాసెట్ల దుకాణంలో దోపిడీకి వెళ్లాడు. దుకాణంలోని మహిళను కాల్చింది మరొకడు. శిక్ష మాత్రం ఇతనికీ విడుదల లేని యావజ్జీవమే.

2016లో మోంట్‌గోమరీ కేసు వచ్చింది. హెన్రీ మోంట్‌గోమరీ 1963లో, పదిహేడేళ్ల వయసులో, లూసియానాలో ఒక డిప్యూటీ షెరీఫ్‌ను కాల్చి చంపాడు. మిల్లర్ తీర్పు పాత శిక్షలకూ వర్తిస్తుందని అతని కేసులోనే కోర్టు చెప్పింది. అయినా పెరోల్ బోర్డు అతన్ని రెండుసార్లు తిప్పిపంపింది. 2021 నవంబరులో విడుదలయ్యేనాటికి అతని వయసు 75. తన పేరుతో దేశమంతా ఎందరికో దారి తెరిచిన తీర్పు వచ్చాక కూడా మరో ఐదేళ్లకు పైగా అతను లోపలే ఉన్నాడు.

అయితే ఇప్పుడు అమెరికాలో ఆ శిక్ష లేనట్టేనా?

ఉంది. సగానికి పైగా రాష్ట్రాలు దాన్ని పిల్లల విషయంలో రద్దు చేసుకున్నాయి గానీ మిగతాచోట్ల న్యాయమూర్తి విచక్షణతో ఇప్పటికీ వేయవచ్చు. 2021లో జోన్స్ కేసులో, ఈ కుర్రాడు ఎప్పటికీ మారడని ప్రత్యేకంగా నిర్ధారించకుండానే ఆ శిక్ష వేయవచ్చని సుప్రీంకోర్టు 6-3తో చెప్పింది. మిల్లర్ తీర్పుకు తన పేరిచ్చిన ఇవాన్ మిల్లర్‌కు కూడా తిరిగి విచారణ జరిపి 2021లో మళ్లీ అదే శిక్ష వేశారు. మరోవైపు మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 2024లో ఈ రక్షణను 18 నుంచి 20 ఏళ్ల వారికీ విస్తరించింది.

చంపడం తెలిసినవాడికి చంపకూడదని తెలియదా? వయసు చూసి జాలిపడటం దేనికి?

పదహారేళ్లవాడికి హత్య తప్పని తెలుసు. తెలియదని బాలల పక్షాన వాదించేవారు కూడా అనరు. వాదన తెలివి గురించి కాదు, అదుపు గురించి. మెదడులో ముందుచూపును, ఆవేశాన్ని పట్టి ఆపే శక్తిని నడిపే ముందు భాగం ఇరవయ్యో పడి మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. ఉద్రేకాన్ని, మెప్పుకోలు ఆశను నడిపే భాగాలు అంతకుముందే చురుకెక్కుతాయి. శనివారం రాత్రి పదకొండు దాటాక ఆర్కే బీచ్ రోడ్డు మీద నిలబడి చూడండి. ఒంటరిగా వెళ్లే కుర్రాడు కాళీమాత గుడి మలుపు దగ్గర వేగం తగ్గిస్తాడు. వెనక ఇద్దరు ఎక్కి, పక్క బండి మీద మరో ముగ్గురు కేకలు వేస్తుంటే అదే కుర్రాడు తగ్గించడు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్, ఆయన సహ పరిశోధకురాలు 2005లో ప్రచురించిన ప్రయోగం కూడా దాదాపు ఇదే చూపింది. కంప్యూటర్ మీద కారు నడిపే ఆటలో స్నేహితులు చూస్తుంటే కౌమారుల దుస్సాహసం బాగా పెరిగింది, పెద్దవాళ్లలో పెరగలేదు.

అవతలి వాదనకూ బలముంది. ఈ శాస్త్రం సగటు మనిషి గురించి చెబుతుంది గానీ బోనులో నిలబడిన ఈ ఒక్కడి గురించి చెప్పదు. కోట్లాదిమంది పదహారేళ్ల వాళ్లు ఎవరి ప్రాణమూ తీయడం లేదు. పథకం వేసుకుని, రెక్కీ చేసి, సాక్ష్యాలు చెరిపిన కుర్రాడిని ఆవేశం ఖాతాలో వేయలేం. ఇదంతా నిజమే. నాకు తోచేది ఒక్కటే: ఈ కుర్రాడు ముప్పయ్యేళ్లకు ఎలా ఉంటాడో పదహారేళ్లప్పుడు చెప్పగల వైద్యుడు గానీ, న్యాయమూర్తి గానీ లేరు. మారతాడని చెప్పలేనట్టే మారడనీ చెప్పలేం. అలాంటప్పుడు తీర్పు రోజునే ఆ సంగతి శాశ్వతంగా తేల్చేయడం కన్నా, ఏళ్ల తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి తేల్చడం తెలివైన పని. సమీక్ష అంటే విడుదల కాదు. సమీక్షించి, వద్దు అని కూడా అనవచ్చు.

చనిపోయినవారి ఇంట్లో వాళ్ల సంగతి ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నకు నా దగ్గర సుఖమైన జవాబు లేదు. కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి నన్ను వరండాలో ఆపి, 'మీరు వాడి భవిష్యత్తు గురించి గంటసేపు మాట్లాడారు లాయరు గారూ, మావాడి పేరు ఒక్కసారి కూడా పలకలేదు' అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. అమెరికాలో బాధిత కుటుంబాల సంఘాలు చెప్పేదీ ఇదే: రెండేళ్లకో మూడేళ్లకో పెరోల్ విచారణ వచ్చినప్పుడల్లా పాత ఫొటోలు, పాత గాయం మళ్లీ బయటికి తీయాలి, ముగిసిందనుకున్నది ఎప్పటికీ ముగియదు.

మన చట్టం ఈ విషయంలో మరీ బీదది. కుర్రాడికి 21 ఏళ్లు వచ్చినప్పుడు జరిపే మదింపు (వివరం తర్వాతి జవాబులో) గురించి చెప్పే 20వ సెక్షన్‌లో బాధిత కుటుంబం ప్రస్తావనే లేదు. విడుదల అవకాశాన్ని సమర్థించే నాలాంటివాళ్లు ముందుగా అడగాల్సిన సవరణ ఇదని నా అభిప్రాయం. పరిహారం కోసం మాత్రం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకునే హక్కు కుటుంబానికి ఉంది. నేరస్థుడు మైనర్ అన్న కారణంతో అది పోదు.

ఢిల్లీ ఘటన తర్వాత 16 ఏళ్లవారిని పెద్దవాళ్లలాగే శిక్షించేలా చట్టం మార్చారు కదా?

కొంత నిజం. 2012 డిసెంబరు 16 నాటి నిర్భయ అత్యాచారం, హత్య కేసులో ఆరుగురు నిందితుల్లో ఒకడు మైనర్. అతనికి అప్పటి చట్టం ప్రకారం గరిష్ఠంగా మూడేళ్లే పడింది. ఆ ఘటన తర్వాత చట్టాల మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీ వయోపరిమితిని తగ్గించమని సిఫారసు చేయలేదు. అయినా ప్రజాగ్రహం చల్లారలేదు. 2015 డిసెంబరులో అతను విడుదలైన రెండు రోజులకే రాజ్యసభ కొత్త బిల్లును ఆమోదించింది. 2016 జనవరి 15న చట్టం అమల్లోకి వచ్చింది.

దీని ప్రకారం 16 నుంచి 18 మధ్య వయసువారు ఘోర నేరం చేశారన్న ఆరోపణ వస్తే, బోర్డు 15వ సెక్షన్ కింద ప్రాథమిక మదింపు జరుపుతుంది. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు చూసి, పెద్దవాడిలా విచారించాలనుకుంటే కేసును బాలల న్యాయస్థానానికి, అంటే ఆ పని చూసే సెషన్స్ కోర్టుకు పంపుతుంది. ఈ మదింపును మొక్కుబడిగా చేయరాదని, బోర్డు సభ్యుల్లో బాలల మనస్తత్వశాస్త్రమో బాలల మానసిక వైద్యమో చదివినవారు లేకపోతే నిపుణుల సహాయం తీసుకోవాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

సెషన్స్ కోర్టులో శిక్ష పడినా 21 ఏళ్లు వచ్చేదాకా జైలుకు పంపరు, సురక్షిత గృహంలో ఉంచుతారు. 21 వచ్చాక, ఇంకా శిక్ష మిగిలి ఉంటే, కుర్రాడు మారాడా లేదా అని కోర్టు మదింపు చేస్తుంది. మారాడనుకుంటే షరతులతో విడుదల చేయవచ్చు, లేదంటే మిగిలిన శిక్షకు జైలుకు పంపుతుంది. ఒకసారి జైలుకు వెళ్లాక మళ్లీ ఎప్పుడు సమీక్షించాలో మాత్రం ఆ చట్టంలో లేదు. 21వ సెక్షన్ 'విడుదలకు అవకాశం' అని రెండు మాటలతో ఊరుకుంది. అప్పటినుంచి ఆ కుర్రాడు కూడా అందరిలాగే రెమిషన్ వరుసలో నిలబడాలి. మా దగ్గర పిల్లలకు ఆ శిక్షే లేదని అమెరికా ముందు గొప్పగా చెప్పుకునే ముందు ఈ ఖాళీని చూసుకోవాలి.

గంజాయి మోస్తూ దొరికిన పిల్లలకు ఇదంతా ఎందుకు వర్తిస్తుంది? వాళ్లు ఎవరినీ చంపలేదు కదా?

విశాఖలో చట్టం చదివేవాళ్లు ముందు గమనించాల్సింది ఇదే. ఘోర నేరం అన్న మాటకు మన చట్టంలో అర్థం క్రూరత్వం కాదు, కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉండటం. గంజాయి 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం కింద వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. చింతపల్లి వైపు నుంచి నర్సీపట్నం మీదుగా రెండు బస్తాలు దించి రైలెక్కిస్తే ఇన్ని వేలిస్తామని చెప్పి పంపిన పదిహేడేళ్ల కుర్రాడు, హంతకుడు ఒకే గాట కట్టబడతారు. ఈ నేరానికి మొదటిసారి గరిష్ఠం 20 ఏళ్లు కాబట్టి యావజ్జీవం ప్రశ్న రాదు. కానీ పెద్దవాడిలా విచారణ అనే ద్వారం మాత్రం ఒక్కటే. బస్తాలు ఎవరివో ఆ కుర్రాడికి చాలాసార్లు తెలియను కూడా తెలియదు, ఫోన్‌లో ఒక నంబరు తప్ప.

మావాడికి ఇంకా 18 నిండలేదని ఎలా రుజువు చేయాలి? ఆధార్ చాలదా?

చాలదు. జువెనైల్ జస్టిస్ చట్టంలోని 94వ సెక్షన్ మూడు మెట్లు చెబుతుంది. మొదటిది పాఠశాల ఇచ్చే పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే మున్సిపాలిటీ, కార్పొరేషన్ లేదా పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఈ రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. ఈ వరుసలో ఆధార్ లేదు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో కూడా చెప్పింది.

చెప్పడానికి సులువే. ఒక కేసు కోసం ఏజెన్సీలోని ఒక పాఠశాలలో అడ్మిషన్ రిజిస్టరు తెరిపించి చూశాను. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టిన పాత పుస్తకం. ఆ సంవత్సరం చేరిన పిల్లల పుట్టిన తేదీల గడిలో పై నుంచి కిందిదాకా, ఒకే చేతిరాతతో, ఒకే నీలం సిరాతో దాదాపు అందరికీ జూన్ ఒకటి. ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి కాబట్టి మాస్టారు లెక్క సరిపెట్టారు. దానిలో దురుద్దేశం లేదు, బడిలో చేర్చుకోవాలన్న తపనే ఉంది. పన్నెండేళ్ల తర్వాత ఆ ఒక్క గడి మీద ఒక కుర్రాడు బోర్డు ముందుకు వెళ్తాడా, సెషన్స్ కోర్టుకా అన్నది ఆధారపడుతుందని ఆయన ఊహించి ఉండరు.

వైద్య పరీక్షకు కేజీహెచ్ వంటి ప్రభుత్వాసుపత్రికి పంపుతారు. మణికట్టు, మోచేయి, తుంటి ఎక్స్‌రేలు తీసి ఎముకల అతుకు చూసి అంచనా వేస్తారు. ఆ అంచనాలో అటూ ఇటూ రెండేళ్ల తేడా ఉండవచ్చని సుప్రీంకోర్టు 1982లోనే గుర్తించింది. పదిహేడు, పంతొమ్మిది మధ్య ఒక మనిషి జీవితం తేలాల్సినచోట రెండేళ్ల తేడా అంటే తక్కువేమీ కాదు.

కేసు అయిపోయి, శిక్ష కూడా పడ్డాక అప్పటికి మైనర్ అని తేలితే?

ఎప్పుడైనా లేవనెత్తవచ్చు. తుది తీర్పు వచ్చాక కూడా ఏ కోర్టులోనైనా మైనర్‌నన్న వాదన చేయవచ్చని 9వ సెక్షన్ చెబుతోంది. చూడాల్సింది నేరం జరిగిన నాటి వయసు, అరెస్టు నాటిది కాదు.

1994లో పుణెలో జరిగిన హత్యల కేసులో మరణశిక్ష పడిన ఒక వ్యక్తి, నేరం నాటికి పన్నెండున్నరేళ్లవాడని పాఠశాల రికార్డు ఆధారంగా తేలి, 28 ఏళ్లకు పైగా జైలులో గడిపాక 2023 మార్చిలో విడుదలయ్యాడు. అదే 1994లో డెహ్రాడూన్ కేసులో శిక్ష పడిన మరొకరు నేరం నాటికి పద్నాలుగేళ్లవాడని 2025 జనవరిలో సుప్రీంకోర్టు గుర్తించింది. అప్పటికి అతను సుమారు పాతికేళ్లు లోపలే ఉన్నాడు. కోర్టులు చేసిన పొరపాటుకు అతను బలయ్యాడని తీర్పు ఒప్పుకుంది. మన చట్టంలో మైనర్లకు విడుదల లేని యావజ్జీవం లేదు. వయసు కాగితం లేని పేదవాడి విషయంలో అది ఆచరణలో ఉంటుందని చెప్పడానికి నాకు ఈ రెండు తీర్పులు చాలు.

18 నిండి రెండు నెలలే అయితే ఏమైనా మినహాయింపు ఉందా?

జువెనైల్ జస్టిస్ చట్టం కింద లేదు. చిన్న వయసును శిక్ష తగ్గించే కారణంగా కోర్టుకు చూపవచ్చు, అంతే.

రాత్రి మావాడిని స్టేషనుకు తీసుకెళ్లారు. ముందు ఏం చేయాలి?

మైనర్‌ను లాకప్‌లో గానీ, జైలులో గానీ పెట్టకూడదని, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోపు బోర్డు ముందు హాజరుపరచాలని 10వ సెక్షన్ చెబుతోంది. ఆ రోజు బోర్డు కూర్చోకపోతే సభ్యుల్లో ఒకరి ముందైనా హాజరుపరచవచ్చు. వయసు 18 లోపు అని స్టేషనులోనే రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

తెల్లారగానే ఒకరు స్టేషను దగ్గర ఉండి, మరొకరు కుర్రాడు మొదట చేరిన బడికి వెళ్లండి. ఆఖరున చదివిన బడికి కాదు, మొట్టమొదటి దానికి. జిరాక్సు కాపీతో తిరిగి రావద్దు. రిజిస్టరులో ఆ పేజీ నకలు మీద ప్రధానోపాధ్యాయుల సంతకం, బడి ముద్ర, ఆ రోజు తేదీ ఉండాలి.